ఒకే సముద్రం ఒడ్డున ఇన్ని కాపురాలు

భీమిలి నుంచి తీరం వెంట దక్షిణానికి కారులో వెళ్లొచ్చిన వాళ్లకు తరచూ ఒక సందేహం వస్తుంది. భీమిలి వైపు ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెడతాయంటారు. కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో నీటిపిల్లులు తిరుగుతాయంటారు. సూళ్లూరుపేట దాటగానే ఫ్లెమింగోలు వేలల్లో కనిపిస్తాయి. ప్రయాణమంతా ఎడమ చేతి వైపు ఉన్నది ఒకే బంగాళాఖాతం. మరి ఫ్లెమింగోలు విశాఖ ఆర్కే బీచ్‌లో ఎందుకు దిగవు? తాబేలు కోరింగ బురదలో ఎందుకు గుడ్లు పెట్టదు?

వాతావరణం తేడా అందామంటే, ఏడు వందల కిలోమీటర్లలో అది అంతగా మారదు. జవాబు నీళ్లలో కన్నా మన కాళ్ల కింద ఎక్కువగా ఉంది. ఒడ్డున ఉన్నది రాయా, ఇసుకా, బురదా, ఆ రేణువు ఎంత సైజుది అన్నదే అక్కడ ఎవరు బతకాలో చాలావరకు తేలుస్తుంది. ఈ అధ్యాయంలో భీమిలి నుంచి శ్రీహరికోట దాకా ఆ రేణువు వెంటే వెళ్దాం. దారిలో ఎక్కువ భాగం జాతీయ రహదారి మీదే, సముద్రానికి దూరంగా సాగుతుంది. ఒడ్డు చూడాలంటే అక్కడక్కడ పక్కకు తిరగాలి. జనవరి, ఫిబ్రవరి నెలలైతే తాబేళ్లూ పక్షులూ ఒకే ప్రయాణంలో దొరుకుతాయి.

సముద్రం చేతిలో చేట

నది కొండల నుంచి తెచ్చే సరుకు కలగాపులగంగా ఉంటుంది. గులకరాళ్లు, ముతక ఇసుక, సన్న ఇసుక, ఒండ్రు, కంటికి ఆనని బంకమట్టి అన్నీ కలిసే వస్తాయి. ఒడ్డుకు చేరాక మాత్రం ఎక్కడికక్కడ వేరుపడి ఉంటాయి. వేరుచేసేది ఎవరు?

చేటలో ధాన్యం చెరగడం చూసే ఉంటారు. ఒక్కో విసురుకు తాలు ఎగిరి అవతల పడుతుంది, గట్టి గింజ చేటలోనే మిగులుతుంది. విసురు గట్టిదైతే నూకలు కూడా పోతాయి, మెల్లనిదైతే ఊక కూడా కదలదు. తీరం మీద అలలు చేసేది సరిగ్గా ఈ పనే. అల బలంగా తాకే చోట సన్నని రేణువులన్నీ లేచి నీళ్లతో వెళ్లిపోతాయి, బరువైన ఇసుక మిగులుతుంది. అల అలసిపోయిన చోట, ఏ దిబ్బ చాటునో, వాగు మలుపులోనో, లేచిపోయిన ఆ సన్నని రేణువులు దిగుతాయి. దిగడానికి వాటికి నిలకడ నీరు కావాలి. ఎందుకంటే మీటరు లోతు నిలకడ నీటిలో సన్న ఇసుక రేణువు ఒకటి రెండు నిమిషాల్లోనే అడుగుకు చేరుతుంది. మిల్లీమీటరులో ఐదు వందో వంతు ఉండే బంకమట్టి రేణువుకు అదే మీటరు దిగడానికి దాదాపు మూడు రోజులు పడుతుంది. గంటకు వందల అలలు కొట్టే ఒడ్డున మూడు రోజుల నిలకడ ఎక్కడిది?

ఈ చెరుగుడు కంటికి కనబడాలంటే భీమిలి ఒడ్డున ఇసుక మీదికి వంగి చూడండి. తెల్లటి ఇసుక మధ్య నల్లటి చారలు, కొన్నిచోట్ల ఎర్రటి చారలు ఉంటాయి. నల్లవి ఎక్కువగా ఇల్మెనైట్, ఎర్రవి గార్నెట్. రెండూ మామూలు ఇసుకలోని క్వార్ట్జ్ కన్నా బరువైన ఖనిజాలు. తూర్పు కనుమల్లోని ఖొండలైట్ అనే పాత రాయి వేల ఏళ్లుగా చివికి చివికి వీటిని ఒడ్డుకు పంపుతోంది. అల వెనక్కి వెళ్తూ తేలికైన తెల్ల ఇసుకను లాక్కుపోతుంది, బరువైన నల్ల రేణువులు అక్కడే ఉండిపోతాయి. తుఫాను తర్వాతి రోజు వెళ్తే ఈ నల్ల చారలు మరింత చిక్కగా కనిపిస్తాయి.

భీమిలి, విశాఖల మధ్యే ఎర్రమట్టి దిబ్బలున్నాయి. అవి గాలి చెరిగిన ఇసుక. సుమారు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరినప్పుడు, ప్రపంచమంతా సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు దిగువన ఉండేది. తీరం తూర్పుకు జరిగిపోయి, ఇప్పుడు నీళ్లలో ఉన్న నేల బయటపడింది. మట్టం అలా పెరుగుతూ తగ్గుతూ ఉన్న కాలాల్లో బయటపడిన ఇసుకను గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ పోసింది. ఆ ఇసుకలోని ఇనుము తుప్పు పట్టి ప్రతి రేణువుకూ ఎర్రటి పూత వేసింది. మన దేశంలో ఇలాంటివి అరుదు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వీటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. సినిమా షూటింగుల వల్ల ఈ దిబ్బలు చాలామందికి పరిచయం. పోయిన ప్రపంచపు తీరం ఆనవాలుగా చూస్తే మరింత గౌరవం కలుగుతుంది.

రాయి మీద వాళ్లు, ఇసుకలో వాళ్లు

ఇదే దారిలో మంగమారిపేట దగ్గర సహజ శిలాతోరణం ఉంది. దాని చుట్టూ రాళ్లు. రాయికి ఒక సుగుణం ఉంది, అది కదలదు. అందుకే ఇక్కడ అతుక్కుని బతికేవి కాపురం పెట్టాయి. బార్నకిల్స్ అనే గట్టి పెంకు జీవులు జిగురుతో రాయికి జీవితాంతం అంటుకుపోతాయి. సముద్ర పుష్పాలు పాదంతో పట్టుకుని వేలాడతాయి. అవి పువ్వులు కావు, రేకుల్లా కనిపించే చేతులతో చిన్న జీవుల్ని పట్టి తినే జంతువులు. రోజుకు రెండుసార్లు నీరు దిగినప్పుడు బార్నకిల్ తలుపులు మూసుకుని, లోపల దాచుకున్న తడితో గంటలు గడిపేస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరీ కిందికి దిగుతుంది కాబట్టి వీటిని చూడటానికి అవే మంచి రోజులు. నాచు పట్టిన రాళ్ల మీద మాత్రం జాగ్రత్త.

ఇసుక దీనికి పూర్తి విరుద్ధం. ప్రతి అలకూ కదులుతుంది. దేన్నీ అంటుకోనివ్వదు. కాబట్టి ఇసుకలో బతకాలంటే తవ్వుకోవడం రావాలి. సాయంత్రం పూట బొరియల్లోంచి బయటికొచ్చే పీతలు తడి ఇసుక దాకా తవ్వుకుని అక్కడ మొప్పలు తడుపుకుంటాయి. కొన్ని చిన్న పీతలు ఇసుకను నోట్లోంచి పోనిచ్చి అందులోని తిండి తీసుకుని, మిగిలింది చిన్న చిన్న ఉండలు చేసి పక్కన పెడతాయి. పిల్లలు ఎవరో ఆడుకుంటూ పరిచిన ముగ్గనుకునేవి ఈ ఉండలే.

ఇసుకలో తవ్వేవాళ్లలో పెద్దది ఆలివ్ రిడ్లే తాబేలు. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య రాత్రిపూట ఆడ తాబేలు ఒడ్డెక్కి, వెనక కాళ్లతో దాదాపు మూరెడు లోతు గొయ్యి తీసి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి, తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఒడిశాలోని గహిర్‌మఠ, రుషికుల్య ఒడ్డుకు లక్షల్లో ఒకేసారి వచ్చే ఈ తాబేళ్లు మన తీరానికి విడివిడిగా వస్తాయి.

ఇసుకే ఎందుకు? గుడ్డు గాలి పీలుస్తుంది కాబట్టి. పెంకు కింద పెరిగే పిల్లకు 45 నుంచి 60 రోజుల పాటు ఆక్సిజన్ అందాలి. ఇసుక రేణువుల మధ్య ఖాళీలుంటాయి, గాలి లోపలికీ బయటికీ ఆడుతుంది. బంకమట్టిలో ఆ ఖాళీలు మూసుకుపోతాయి. కోరింగ బురదలో పెడితే గుడ్డు ఊపిరాడక పోతుంది. అలాగని ఇసుక మరీ పొడిగా ఉన్నా కుదరదు, తవ్వుతుంటేనే గొయ్యి కూలుతుంది. కొంచెం తడి, కొంచెం గాలి, అలలు అందనంత ఎత్తు, ఈ మూడూ కలిసిన పట్టీ ఒడ్డు మొత్తంలో చాలా సన్నం. మనం కుర్చీలు వేసుకునేదీ, కార్లు నడిపేదీ సరిగ్గా ఆ పట్టీ మీదే.

గూడులోని వేడి పిల్ల ఆడో మగో కూడా తేలుస్తుంది. సుమారు 30 డిగ్రీల దగ్గర ఆడా మగా సమంగా పుడతాయి. అంతకన్నా వేడెక్కితే ఆడ పిల్లలు ఎక్కువ. అట్లాంటిక్ మధ్యలోని అసెన్షన్ దీవిలో పచ్చ తాబేళ్ల గూళ్లను పరిశీలించినప్పుడు, నల్ల ఇసుక ఒడ్డున గూళ్లు తెల్ల ఇసుక ఒడ్డున ఉన్నవాటి కన్నా వేడిగా ఉన్నాయని తేలింది. రేణువు రంగు కూడా బతుకుల్ని మలుస్తుందన్న మాట. భూమి వేడెక్కుతున్నకొద్దీ మగ తాబేళ్లు కరువవుతాయన్న బెంగ అందుకే.

తాబేలు పిల్ల గూట్లోంచి బయటపడగానే వెలుతురున్న వైపు పరిగెడుతుంది. లక్షల ఏళ్లుగా రాత్రిపూట వెలుతురంటే నక్షత్రాల కింద మెరిసే సముద్రమే. ఇప్పుడు బీచ్ రోడ్డు దీపాలు అంతకన్నా వెలుగుతున్నాయి, పిల్లలు రోడ్డు వైపు నడుస్తాయి. అటవీ శాఖ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట పొదిగించి పిల్లల్ని నీళ్లలో వదలడానికి ఇదీ ఒక కారణం, కుక్కలూ నక్కలూ గుడ్లు తవ్వుకుపోవడం మరొకటి. పెద్ద తాబేళ్లకు గండం ట్రాలర్ వలలు. తాబేలు పైకొచ్చి గాలి పీల్చాలి, వలలో చిక్కితే మునిగిపోతుంది. తూర్పు తీరంలో మర పడవల వేటపై నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది. తాబేళ్లు గుడ్లకు వచ్చే కాలం అప్పటికి దాదాపు గడిచిపోయి ఉంటుంది. వాటిని కాపాడాలంటే వల నుంచి తప్పించుకునే తలుపు ప్రతి ట్రాలర్ వలకూ ఉండి తీరాలి.

బురద ఎందుకు అంత బలం

కాకినాడ చేరేసరికి దృశ్యం మారిపోతుంది. ఇక్కడ గోదావరి సముద్రంలో కలుస్తుంది. నది తెచ్చిన ఇసుకను నైరుతి రుతుపవనాల అలలు ఉత్తరానికి తోసుకుపోతాయి. అలా తోసిన ఇసుకే దాదాపు 16 కిలోమీటర్ల పొడవున సన్నని దిబ్బగా నిలిచింది. అదే హోప్ ఐలాండ్. వయసు రెండు వందల ఏళ్లు కూడా ఉండదు, ఈ తీరంలో అతి కుర్ర నేలల్లో ఒకటి. దాని వెనక కాకినాడ అఖాతం అలల దెబ్బ లేకుండా నిశ్శబ్దమైంది. విసురు తగ్గింది కాబట్టి సన్నని రేణువులు దిగాయి.

ఇంకో సంగతి కూడా తోడైంది. నది నీటిలో బంకమట్టి రేణువులన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం ఉండి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, అందుకే విడివిడిగా తేలుతూ పోతాయి. ఉప్పునీరు కలిసేసరికి ఆ తోపు బలహీనపడి రేణువులు గుమిగూడతాయి, బరువెక్కి దిగిపోతాయి. నదీ సాగరమూ కలిసేచోట బురద పేరుకుపోవడానికి ఈ ఉప్పు చలవ చాలా ఉంది.

ఆ బురద మీదే కోరింగ మడ అడవి లేచింది. 1978లో 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. చెక్క బాట మీద నడుస్తూ కింద చూస్తే, మడ చెట్ల చుట్టూ జానెడు పొడవు వేర్లు మేకుల్లా నేలలోంచి పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. కింద గాలి లేదు కాబట్టి ఊపిరి కోసం వేరు పైకి వచ్చింది. బురదను కొంచెం కదిపితే లోపల నల్లగా ఉంటుంది, కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. ఆక్సిజన్ లేకుండా బతికే బాక్టీరియా వదిలే వాయువు వాసన అది. మడ ఆకును పట్టుకుని చూస్తే దాని మీద ఉప్పు పలుకులు కనిపిస్తాయి. వేళ్లు చాలా ఉప్పును లోపలికి రానివ్వవు. వచ్చినదాన్ని ఆకుల మీదున్న గ్రంథులు బయటికి నెట్టేస్తాయి.

గాలాడని ఈ చోటు ఇసుక ఒడ్డు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ జీవుల్ని పోషిస్తుంది. రేణువు ఎంత చిన్నదైతే పిడికెడు మట్టిలో అంత ఎక్కువ ఉపరితలం ఉంటుంది, బాక్టీరియాకు అంత చోటు దొరుకుతుంది. పైగా తేలికైన తిండి అంతా, అంటే రాలిన ఆకుల తునకలు, చచ్చిన జీవుల మిగుళ్లు, సన్న రేణువులతో పాటే ఇక్కడ దిగుతుంది. దాన్ని పురుగులూ పీతలూ రొయ్యలూ తింటాయి, వాటిని చేపలు తింటాయి. చేపల కోసం వచ్చేది నీటిపిల్లి. మామూలు పిల్లికి రెండింతలుంటుంది. వేళ్ల మధ్య కొంత చర్మం పొర ఉంటుంది, నీళ్లు ఒంటికి అంటకుండా లోపల దట్టమైన బొచ్చు ఉంటుంది. ఎక్కువగా రాత్రిపూట తిరుగుతుంది కనుక పగలు మనకు దొరికేది దాని అడుగుజాడే. నీటికుక్కలు మాత్రం గుంపుగా ఈదుతూ పొద్దున్నే కనిపించే అవకాశం ఉంది.

ఆటు వేళ బయటపడ్డ బురద మీద చిన్న చిన్న గోధుమరంగు పిట్టలు ముక్కు దించి పరుగులు పెడుతుంటాయి. ఫొటోల కోసం వచ్చిన వాళ్లు వాటివైపు చూడరు. వాటిలో కర్లూ శాండ్‌పైపర్ అనే ఉల్లంకి పిట్ట గుడ్లు పెట్టేది ఉత్తర ధ్రువ ప్రాంతంలో, సైబీరియా చివరన. అరచేతిలో పట్టే ప్రాణం అంత దూరం ఎగిరి వచ్చింది ఈ బురద తిండి కోసమే. ఒక్కో పిట్ట ముక్కు ఒక్కో పొడవు. పొట్టి ముక్కుది పైపైన కనిపించిన పురుగును పరిగెత్తి పట్టుకుంటుంది. పొడుగు ముక్కుది లోపలికి గుచ్చి, ముక్కు కొసనున్న స్పర్శతో పురుగును పసిగడుతుంది. ఒకే బురదలో రకరకాల లోతుల్లో తింటాయి కాబట్టి వాటిమధ్య గొడవ తక్కువ.

ఉప్పాడ రోడ్డు ఎందుకు నిలవదు

కాకినాడ నుంచి ఉప్పాడకు సముద్రం అంచునే రోడ్డుంది. మన రాష్ట్రంలో ఇంత దగ్గరగా అలలు కనిపించే రోడ్లు తక్కువ. ప్రతి తుఫానుకూ అది కోతకు గురవుతుంది, రాళ్లు పోసి మళ్లీ నిలబెడతారు. ఇళ్లూ గుళ్లూ నీళ్లలో కలిసిపోయిన ఊరు ఉప్పాడ.

ఇసుక ఒడ్డు నిలిచి ఉండేది రాకపోకల లెక్క మీద. అల రోజూ కొంత తీసుకెళ్తుంది, దక్షిణం నుంచి కొంత వచ్చి చేరుతుంది. గోదావరి నుంచి ఉత్తరానికి పోవాల్సిన ఇసుకలో చాలా భాగం హోప్ ఐలాండ్ దగ్గర ఆగిపోతోంది. ఓడరేవు కట్టడాలు మరికొంత ఆపుతాయి. ఉప్పాడకు ఖర్చే గాని జమ లేదు. కోరింగలో పిల్లికీ పిట్టకూ అన్నం పెట్టిన దిబ్బే, పది, ఇరవై కిలోమీటర్ల అవతల ఊరి కింది నేలను ఆకలికి గురిచేస్తోంది. దీనిలో ఎవరి దుర్మార్గమూ లేదు. కాని నది పైన జరిగిన దానిలో మన పాత్ర ఉంది. ఆనకట్టల వెనక మట్టి నిలిచిపోవడం వల్ల గోదావరి సముద్రానికి చేర్చే ఒండ్రు 1970ల నాటితో పోలిస్తే 1990లలో సుమారు మూడో వంతుకు తగ్గిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో లెక్కగట్టారు. సముద్రానికి వెళ్లే నీరు వృథా అని మనం అలవాటుగా అంటాం. ఆ నీటితో పాటు వెళ్లే మట్టి మీదే డెల్టా నిలబడి ఉంది.

మీటరు లోతు సరస్సు

కృష్ణా డెల్టాలోనూ మడ అడవులున్నాయి, అక్కడా నీటిపిల్లులున్నాయి. బాపట్ల దగ్గర సూర్యలంకలో మళ్లీ ఇసుక వస్తుంది. వాటిని దాటి నెల్లూరు మీదుగా సూళ్లూరుపేట చేరితే, అక్కడి నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు నేరుగా పులికాట్ సరస్సు మధ్యలోంచి సాగుతుంది. ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. సముద్రానికీ దీనికీ మధ్య అడ్డంగా ఉన్న ఇసుక పట్టీయే శ్రీహరికోట దీవి. రాకెట్లు లేచేది అలలు పోసిన ఇసుక మీది నుంచే.

పులికాట్ లోతు సగటున మీటరే. అడుగున మెత్తని బురద. ఫ్లెమింగోకు కావలసింది సరిగ్గా ఇదే. పొడుగు కాళ్లతో నడవగలిగేంత లోతు, గట్టి అలలు లేని నీరు, బురదలో చిన్న రొయ్యలు, పురుగులు, గుల్లలు, పాచి. అది తల కిందులుగా పెట్టి, నాలుకను సెకనుకు కొన్నిసార్లు ఆడిస్తూ నీటిని ముక్కులోంచి పోనిస్తుంది. ముక్కు అంచులనున్న సన్నని పళ్ల వరసలు తిండిని ఆపుతాయి, నీరు బయటికి పోతుంది. ఆర్కే బీచ్‌లో ఈ ముక్కుకు దొరికేది ఇసుకే. దాని గులాబీ రంగు కూడా తిండి నుంచి వచ్చిందే. పాచిలో పుట్టిన రంగు పదార్థం రొయ్యల ద్వారా ఈకలకు చేరుతుంది. బూడిదరంగులో ఉన్నవి కనిపిస్తే ఇంకా రంగు పట్టని పిల్లలని గుర్తు. ఫ్లెమింగోలు ఇక్కడ తిని పెరుగుతాయి గాని గూళ్లు కట్టవు. మన దేశంలో అవి పెద్ద ఎత్తున గూళ్లు కట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో.

దగ్గరలోని నేలపట్టు చెరువులో గూడబాతులు నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు కడతాయి. చాలామంది వీటిని సైబీరియా పక్షులంటారు. ఇవి మనవే, దక్షిణాసియాలో పుట్టి పెరిగేవే. మంచినీటి చెరువు మీద పిల్లల్ని పెంచుతూ, మేత కోసం పులికాట్‌కు వెళ్లొస్తుంటాయి. వాటి రెట్టలు కలిసిన చెరువు నీరు పొలాలకు బలమని చుట్టుపక్కల రైతులు వాటిని కాపాడుకుంటారు.

పులికాట్ నీటి ఉప్పదనం ఏడాదిలో చాలా మారుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు నదులు పోటెత్తి ఉప్పు తగ్గుతుంది. ఎండాకాలంలో నీరు ఆవిరై సముద్రం కన్నా ఉప్పనవుతుంది, అంచులు ఎండి పగుళ్లిస్తాయి. ఈ హెచ్చుతగ్గుల్ని అదుపులో ఉంచేవి సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారాలు. తీరం వెంట ఉత్తరానికి జరిగే ఇసుక వాటిని ఏటా పూడుస్తూనే ఉంటుంది, వరద వచ్చి తోసేస్తుంది. వరద చాలనప్పుడు ద్వారం మూసుకుపోతుంది. రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు ఆటుపోట్ల మీద సరస్సులోకి వచ్చి పెరుగుతాయి. ద్వారం మూసుకుంటే అవి రాలేవు. జాలరుల వలలూ పక్షుల ముక్కులూ కలిసే ఖాళీ అవుతాయి. మనం కారులో వెళ్తున్న ఈ రోడ్డు కట్ట కూడా సరస్సును రెండుగా విడదీస్తోంది. కింద తూములున్నా నీటి రాకపోకలు మునుపటిలా సాగవు. ఉత్తరపు భాగం ఎండాకాలంలో త్వరగా ఎండిపోతోంది. ముఖద్వారాల్లో పూడిక తీయాలని ఇక్కడి జాలరులు ఏళ్లుగా అడుగుతున్నారు. వాళ్లు తమ రొయ్యల కోసమే అడుగుతున్నా, ఆ తవ్వకం జరిగితే ఫ్లెమింగోలకు మేత కూడా ఆ దారినే వస్తుంది.